కోట గుమ్మం నుంచి కొంగల చెట్టు దాకా

విశాఖపట్నంలో రైలు దిగిన యాత్రికుడు అరకు వెళతాడు, సింహాచలం చూస్తాడు, సాయంత్రం బీచిలో మొక్కజొన్న పొత్తు తిని వెనక్కి పోతాడు. ఉత్తరాన కలకత్తా హైవే మీద పూరీకి పోయే బస్సుల్లో ఉన్నవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం బోర్డులు చూస్తారు కానీ దిగరు. దిగినవాళ్లు కూడా అరసవల్లిలో దణ్ణం పెట్టుకుని మళ్లీ బస్సెక్కుతారు. ఈ రెండు జిల్లాలకు వెనకబడిన ప్రాంతం అనే పేరు ఒకటి స్థిరపడిపోయింది. ఆ పేరు విన్నవాడికి అక్కడ చూడ్డానికేముంటుందిలే అనిపించడం సహజం.

డబ్లిన్‌లో ఉంటున్న మా మేనకోడలు క్రిస్మస్ సెలవులకు పిల్లలిద్దరితో వచ్చింది. పుట్టింది విజయనగరంలోనే అయినా పెరిగింది హైదరాబాదులో. "మావయ్యా, వేసవిలో ఐర్లండ్ అంతా కారేసుకుని తిరిగాం. కోటలు, పాడుబడ్డ మఠాలు, గొర్రెల మందలు, సముద్రం. మీ ఊళ్లో ఏమున్నాయమ్మా అని వీళ్లు అడిగితే పైడితల్లి జాతర తప్ప ఇంకేం చెప్పాలో నాకు తోచలేదు" అంది. పెద్దవాడికి పదకొండేళ్లు, ప్రతిదానికీ లెక్కలడుగుతాడు. చిన్నదానికి ఎనిమిదేళ్లు, ప్రతిదాన్నీ ముట్టుకుంటుంది. మా ఆవిడ పులిహోర కట్టింది, చీపురుపల్లి కుర్రాడొకడు కారు తెచ్చాడు. డిసెంబరు ఆఖరు, పొద్దున మంచు, రోడ్డు పక్కన ధాన్యం కుప్పలు. తిరగడానికి అంతకు మించిన కాలం ఇక్కడ లేదు.

విజయనగరం కోటతోనే మొదలుపెట్టాం. 1713లో పూసపాటి రాజులు కట్టించిన కోట ఇది. చుట్టూ కందకం, నాలుగు మూలలా బురుజులు ఉన్నాయి కానీ లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. సింహద్వారంలోంచి ఆడపిల్లలు సైకిళ్ల మీద బయటికొస్తుంటే చిన్నది నిరాశపడింది. వాళ్లు చూసొచ్చిన కోటల్లో సైనికుల బొమ్మలు, బట్టలు, భోజనాల బల్లలు అమర్చి పెడతారట. నాకైతే ఇదే నచ్చుతుంది. రాజుల కోటలో కూర్చుని మామూలు ఇళ్ల పిల్లలు డిగ్రీ చదువుకోవడం కంటే మంచి వాడకం ఏముంటుంది?

కోట ముందరి జాగా పేరు బొంకుల దిబ్బ. కన్యాశుల్కం నాటకంలో గిరీశం మొదటిసారి ప్రత్యక్షమయ్యేది ఇక్కడే. నాటకం మొదటిసారి 1892లో ఈ ఊళ్లోనే ఆడారు, ఈనాడు మనం చదివే రూపం 1909లో వచ్చింది. ఆ నాటకం రాసిన గురజాడ నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. పెద్ద ఇల్లేం కాదు. గుమ్మం దగ్గర నిలబడి మేనకోడలికి బుచ్చమ్మ కథ చెబుతుంటే, "ఆ పిల్ల వయసెంత తాతయ్యా?" అని చిన్నది అడిగింది. సుబ్బి సంగతి కూడా చెప్పి, పదేళ్ల పిల్లను డబ్బు తీసుకుని ముసలాడికిచ్చి చేసేవాళ్లని చెప్పాను. అది తన వేళ్లు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు.

సంగీత కళాశాల దగ్గర సెలవుల హడావిడి. 1919లో మొదలైన ఈ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ నేర్చుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుణ్ణి, వాయించమని విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా చేరమన్నాడాయన. ఘంటసాల ఈ ఊళ్లో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. పి. సుశీలదీ ఈ ఊరే, చదివిందీ ఇక్కడే. తెలుగువాళ్లు రోజూ ఎక్కడో ఓ చోట వినే రెండు గొంతులు ఒకే గుమ్మం దాటి వచ్చాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు పక్కన లేకపోతే మాత్రం, దారినపోయేవాడికి అది ఒక పాత భవనం, అంతే. ఈ ప్రయాణమంతా ఇదే అనుభవం మళ్లీ మళ్లీ ఎదురైంది. చూడ్డానికి ఉంది, చెప్పే మనిషి ఉంటేనే ఉంది.

గజపతినగరం దగ్గర చంపావతి దాటి, రామభద్రపురం కూరగాయల సంతను పక్కనబెట్టి, బొబ్బిలి చేరేసరికి ఎండ కాస్త పదునెక్కింది. దారి పొడుగునా పెద్దవాడికి బొబ్బిలి యుద్ధం చెప్పాను. 1757 జనవరి 24. విజయనగరం పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వచ్చాడు. ఫిరంగుల ముందు మట్టి కోట ఎంతసేపు నిలుస్తుంది? పరాయివాళ్ల చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లను, పిల్లలను తమ వాళ్లే చంపుకున్నారు. రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆయన రాత్రివేళ విజయనగరం రాజు డేరాలో దూరి పొడిచి చంపాడు.

"అయితే ఎవరు గెలిచారు?" అన్నాడు మనవడు.

ఎవరూ గెలవలేదు. బొబ్బిలి బూడిదైంది. విజయనగరం రాజు పోయాడు. గద్దెనెక్కిన ఆనందరాజు కొంతకాలానికే ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లీషువాళ్లతో కలిశాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, తీరాంధ్ర కంపెనీ చేతికి పోయే దారి పడింది. రెండు ఊళ్ల పట్టింపు మూడోవాడికి రాజ్యమైంది. ఐర్లండ్ చరిత్రలోనూ ఇలాంటిదే ఉందని మేనకోడలు చెప్పింది. 12వ శతాబ్దంలో లెన్‌స్టర్ రాజు ఒకడు రాజ్యం పోగొట్టుకుని, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇంగ్లండు నుంచి నార్మన్లను పిలుచుకొచ్చాడట. వచ్చినవాళ్లు వందల ఏళ్లు పోలేదు.

పాత కోట ఉన్నచోట 1891లో నిలబెట్టిన యుద్ధ స్మారక స్తంభం ఉంది. పిల్లలు దాని చుట్టూ ఒకసారి తిరిగారు, ఫోటో దిగారు, అయిపోయింది. డ్రైవరు మాత్రం చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. "మా అమ్మమ్మోల ఊరు ఈ పక్కేనండి. సిన్నప్పుడు జముకుల కథ కట్టేవోరు. రాణీ మల్లమ్మ సచ్చిపోయేకాడ ఊరంతా ఏడిసేవోరు బావూ" అన్నాడు. పుస్తకంలో చదివి నేను చెప్పినదాని కంటే పిల్లలు ఆ ఒక్క మాటకే ఎక్కువ తల తిప్పారు.

బొబ్బిలి పక్కనే గొల్లపల్లి. వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలది ఈ ఊరే. షెడ్డులో అడుగుపెట్టగానే పనసచెక్క పసుపు పచ్చని పొట్టు పాదాలకు అంటుకుంది. ఇక్కడి వీణకు ఏకాండి వీణ అని పేరు. కుండ, దండి విడివిడిగా చేసి అతికించరు, ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. ఒక పెద్దాయన దుంగను రెండు పాదాల మధ్య ఒడిసిపట్టి ఉలితో లోపలి భాగం దొలుస్తున్నాడు. మధ్యమధ్య ఆపి వేళ్లతో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు.

"ఎంత మందం ఉంచాలో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"సెక్కే సెప్తాది బావూ. ఎక్కువుంటే మూగగుంటాది. తక్కువైతే డొల్ల మోత."

పైన పలక బిగిస్తారు, చివర యాళి ముఖం చెక్కుతారు, ఆ తర్వాత మెట్లు. నల్లటి మైనం మీద ఇరవైనాలుగు మెట్లను ఒక్కొక్కటే సరిచేసి కూర్చోబెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు. చెక్క పని చేసేవాడికి సంగీతం తెలియక తప్పదు, కనీసం చెవి ఉండాలి. ఒక వీణ పూర్తవడానికి వారాలు పడుతుంది. కానీ కొనేవాళ్లు ఎంతమంది? అందుకే అరల నిండా చిట్టి వీణలు పేర్చి ఉన్నాయి. సన్మానాలకు, బదిలీ మీద వెళ్లే ఆఫీసర్లకు ఇచ్చే బహుమతులవి, మోగవు. ఇంటి పొయ్యి వెలిగిస్తున్నది ఆ మోగని వీణలేనని పెద్దాయన దాపరికం లేకుండా చెప్పాడు. పనస చెట్లు కూడా మునుపటంత సులువుగా దొరకడం లేదట. తోటలు కొట్టి ప్లాట్లు వేస్తుంటే ముదురు దుంగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చిన్నది జేబులోంచి ఐర్లండ్ నాణెం తీసి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద హార్ప్ బొమ్మ ఉంటుంది, అది ఆ దేశపు రాజముద్ర. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తీగలు నిలువుగా ఉన్నాయి. మరి మెట్లేవమ్మా?" అన్నాడు. మెట్లుండవని, తీగకో స్వరమని మేనకోడలు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మెట్లు లేని వాద్యం మీద ఆయనకు పెద్ద గౌరవం కలిగినట్టు లేదు. నాణెం తిరిగి ఇచ్చేశాడు. మేం మోగే వీణ కొనలేదు. వాయించేవాళ్లు ఇంట్లో లేరు. మోగనిదే ఒకటి కొన్నాం.

రాజాం మీదుగా పొందూరు. రాజాం మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరంలో కలిపారు. పాపారాయుడు ఎప్పుడూ విజయనగరం మీదికే కత్తి దూశాడు కనుక, ఆయన ఊరు చివరికి ఆ జిల్లాలో చేరడం విధి చేసిన హాస్యం.

పొందూరు గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. వీధి అరుగుల మీద, ఇళ్ల ముందు గదుల్లో, ముసలమ్మలు కూర్చుని పత్తి పని చేస్తుంటారు. ఒకావిడ దగ్గర కూలబడ్డాం. ఆవిడ చేతిలో ఎముక ముక్క, దానికి సన్నటి పళ్లు వరుసగా ఉన్నాయి. వాలుగ చేప దవడ అది. గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. కొండపత్తిని గింజతో సహా పట్టుకుని ఈ దవడతో దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగు పోగు ఒకే వైపుకు తిరుగుతుంది. తర్వాత చెక్క పలక మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. ఆ పైన వింటితో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో దాచుతారు. చేయి తగిలి మాసిపోకుండా, మెత్తదనం చెడకుండా ఉండడానికి. డొప్పలోంచి ఏకు కొన బయటికి లాగి రాట్నం తిప్పితే నూరో నంబరు నూలు వస్తుంది. కంటికి ఆనీ ఆనని దారం. దేశంలో ఈ తీరున చేప దవడతో పత్తి దువ్వే చోటు ఇంకొకటి ఉందని నేను వినలేదు.

మిల్లు దువ్వెనతో ఎందుకు దువ్వకూడదని పెద్దవాడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆవిడ జవాబు చెప్పలేదు. గుప్పెడు పత్తి, దవడ వాడి చేతిలో పెట్టింది. "నువ్వే సూడు నాయినా." వాడు కాసేపు కిందా మీదా పడి పత్తి ఉండ చేసేశాడు. ఆవిడ అదే పత్తిని తీసుకుని, వేళ్ల మధ్య సాగదీసి, దవడతో నాలుగుసార్లు నిమిరితే పొగలా లేచింది. ఇనుము లాగుతుంది, ఎముక నిమురుతుంది. కళ్ల ముందు జరిగాక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

1920ల్లో గాంధీ ఈ నూలు సంగతి విని, నిజమో కాదో చూసి రమ్మని కొడుకు దేవదాసును పంపాడని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కినేని నాగేశ్వరరావు పంచె పొందూరుదే. 1949లో ఏర్పడిన ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పత్తి ఇచ్చి, నూలు కొని, నేయించి, అమ్ముతుంది. ఇదంతా గర్వంగా చెప్పుకునే భాగం. రెండో భాగం ఆ అరుగు మీదే కనిపిస్తుంది. వడికేవాళ్లలో చిన్నవాళ్లు దాదాపు లేరు. "మా కోడలు నేర్సుకోనేదు బావూ, నానూ నేర్పనేదు. రోజంతా వడికితే కూలి ఏటొస్తాది? జీడిపిక్కల పనికెల్తే ఇంతకన్నా వస్తాది" అంది ఆవిడ. కోపంగా కాదు, ధర చెప్పినట్టు చెప్పింది. వేలు పెట్టి పంచె కొనేవాడి డబ్బులో ఆ అరుగు దాకా చేరేది ఎంత అన్నదే పొందూరు ప్రశ్న. సంరక్షించాలి, వారసత్వం అని సభల్లో మాట్లాడేవాళ్లు ముందు ఆవిడ రోజుకూలి ఎంతో కనుక్కోవాలి.

మా ఆవిడ చీర కొంది. ధర చూసి నేను కిక్కురుమనలేదు. ఆ దవడ నాలుగుసార్లు నిమరడం చూశాక బేరం ఆడే ముఖం ఎవరికుంటుంది?

శ్రీకాకుళంలో బస. పొద్దున్నే అరసవల్లి. ఆదివారమైతే కాలు పెట్టలేం, మామూలు రోజు కనుక తీరిగ్గా చూశాం. తూర్పు గాంగుల కాలపు గుడి, ఇప్పుడు కనిపించే కట్టడం 1778 నాటి పునర్నిర్మాణం. నల్లరాతి సూర్యనారాయణుడి పక్కన ఉష, పద్మిని, ఛాయ. మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు మొదటి రెండు రోజుల ప్రాంతంలో, ఉదయకిరణాలు గోపురం దాటి, మండపం దాటి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పడితే మరో ఆరు నెలలు ఆగాలి.

ఇది వినగానే పిల్లలిద్దరూ ఒకేసారి "న్యూగ్రేంజ్!" అన్నారు. డబ్లిన్‌కు గంట ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద రాతి సమాధి అది. ఐదువేల ఏళ్లకు పైబడింది, పిరమిడ్ల కంటే పాతది. డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలో అతి పొట్టి రోజున, తలుపు మీది చిన్న కంతలోంచి సూర్యకిరణం లోపలి గది దాకా పాకుతుంది, పదిహేడు నిమిషాలు ఉంటుంది. ఆ సమయాన లోపల నిలబడే అవకాశం కోసం ఏటా వేలమంది పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు. వీళ్లకు ఇంకా తగల్లేదు. ఇక్కడ లాటరీ లేదు, ముందురోజు రాత్రి వచ్చి వరుసలో నిలబడగలిగిన ఓపికే టికెట్టు. అక్కడ ఆ సమాధి ఎవరు ఎందుకు కట్టారో చెప్పే మనుషులు పోయి వేల ఏళ్లయింది, పురావస్తువేత్తలు ఊహించి చెబుతారు. ఇక్కడ పూజారి ఉన్నాడు, రథసప్తమికి పాలు పొంగించే ఆడవాళ్లున్నారు, కంటిజబ్బు తగ్గాలని మొక్కుకున్న మనిషి మా పక్కనే నిలబడ్డాడు. అయితే అక్కడ ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా ఆ వెలుగు ఎలా వస్తుందో నమూనా కట్టి చూపిస్తారు. కిరణం దారిని గీసి చూపే ఒక చిన్న బొమ్మ ఇక్కడా ఉంటే దేవుడికేం కోపం రాదు.

కథానిలయంలో పిల్లలకు ఏమీ దొరకలేదు, మేం కదల్లేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన ఇల్లు ఇది. లెక్కల మేష్టారిగా బతికిన మనిషి, యజ్ఞం లాంటి కథ రాసిన మనిషి, తనకు వచ్చిన పురస్కారాల డబ్బు తెచ్చి ఇక్కడ పోశాడు. 2021 జూన్‌లో తొంభైయారేళ్ల వయసులో పోయారు. ఒక మామూలు కాలనీలో, మామూలు మేడ. లోపల పాత భారతి సంచికల వాసన. ప్రభుత్వం కట్టించాల్సిన దాన్ని ఒక బడిపంతులు కట్టాడని రాయడం తేలిక. పాత పత్రికల కట్టలు ఇంట్లో అడ్డమని ఎవరో పారేయబోతే, ఇంటికెళ్లి అడిగి తెచ్చుకున్న చాకిరీ ఎన్నేళ్లదో ఆలోచిస్తే కష్టం తెలుస్తుంది.

శ్రీకూర్మంలో మాత్రం పిల్లలను బయటికి తేవడం మా వల్ల కాలేదు. తాబేళ్లు! వీపు మీద నక్షత్రాల ముగ్గులున్న బుల్లి తాబేళ్లను గుడి ఆవరణలోనే పెంచుతారు. విష్ణువును కూర్మరూపంలో కొలిచే గుడి, స్వామి పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు. మండపం స్తంభాల నిండా తెలుగు, సంస్కృత శాసనాలు. ప్రదక్షిణ మండపం గోడల మీద వెలసిపోతున్న రంగు బొమ్మలు. వాటి ముందు నేను ఇంకాసేపు ఉండేవాణ్ణి కానీ ఎనిమిదేళ్ల పిల్ల తాబేలుకు తోటకూర తినిపించడం కంటే ముఖ్యమైన చరిత్ర ఆ పూటకు లేదు.

శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ, మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నుంచి పన్నెండు, పదమూడు వందల ఏళ్లు బౌద్ధులు ఇక్కడ ఉన్నారు. పైనుంచి చూస్తే నది వంపు తిరిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడం కనిపిస్తుంది. ఓడ దిగిన భిక్షువుకు మొదట కనిపించేది ఈ కొండే అయి ఉండాలి. ఎక్కేటప్పుడు మేకలు కాస్తున్న కుర్రాడొకడు వెంట వచ్చాడు. తొమ్మిదో తరగతట, సెలవులు. "ఇది స్తూపమండి, అది చైత్యమండి. స్తూపంలో బుద్ధుడి గుర్తులు పెట్టి మూసేస్తారు. చైత్యంలో కూకుని దండం పెట్టుకుంటారు. పేటికలు దొరికినాయి ఇక్కడ" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎవరు చెప్పారు నీకు అంటే, సోషల్ మేష్టారు ఒకసారి తరగతినంతా ఇక్కడికి తీసుకొచ్చారన్నాడు. "గిడుగోరు కనిపెట్టినారండి, పంతొమ్మిదొందల పంతొమ్మిదిలో." సంవత్సరంతో సహా. మనవడు వాణ్ణి ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. తెలియనివి రెండున్నాయి, తెలియదనే చెప్పాడు. డబ్లిన్‌లో చెవికి తగిలించుకునే యంత్రం చెప్పే మాటల కంటే ఇదే బాగుందని మేనకోడలు ఒప్పుకుంది. కుర్రాడు డబ్బు తీసుకోలేదు, తేగల కట్ట మాత్రం తీసుకున్నాడు.

ఆ గిడుగు రామమూర్తి పుట్టింది కూడా ఈ నది ఒడ్డునే. ముఖలింగం పక్కన పర్వతాలపేట, 1863 ఆగస్టు 29. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టి, నిఘంటువు తయారుచేసి, మధ్యలో వాడుక తెలుగు కోసం పండితులందరితో పోట్లాడి, తీరిక చేసుకుని బౌద్ధ స్తూపాలు కూడా వెతికిన మనిషి! దాదాపు ఆ రోజుల్లోనే, 1893లో, డగ్లస్ హైడ్ అనే ఆయన గేలిక్ లీగ్ పెట్టి ఐరిష్ భాషను బడుల్లోకి తెచ్చే పని మొదలుపెట్టాడు, తర్వాత ఆ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. మా పిల్లలు బడిలో ఐరిష్ నేర్చుకుంటున్నారు. తెలుగు ఇంట్లో వినడమే. ఇద్దరూ డ్రైవరు యాస పట్టేసి "ఏటి తాతా?" అంటుంటే వాళ్లమ్మ ముసిముసిగా నవ్వుకుంది.

ముఖలింగం ఈ దారిలో అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం. వంశధార ఎడమ ఒడ్డున, జలుమూరు మండలంలో, ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. 1078లో గద్దెనెక్కిన అనంతవర్మ చోడగంగ దేవుడు రాజధానిని ఇక్కణ్ణుంచి కటకం మార్చాడు, పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టాడు. ఆ వంశంలో వాడే తర్వాత కోణార్కు కట్టాడు. లక్షలమంది పోయి చూసే ఆ రెండు గుళ్లకూ వేరు ఈ పల్లెలో ఉంది. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు, మూడు గుళ్లు. ద్వారబంధాల మీద లతలు, ఏనుగులు, గణాలు, ఒక్క అంగుళం ఖాళీ లేకుండా చెక్కారు. లింగం రాయి కాదని, ఇప్పచెట్టు మొదలని అర్చకుడు చెప్పాడు. సవరలు కొలిచిన చెట్టు రాజుల దేవుడైన కథ అది. కొండవాళ్లకూ రాజులకూ ఇద్దరికీ చెందేలా అల్లిన కథ, ఏలికకు అలాంటిది అవసరమే. కోణార్కులో టికెట్టు కొనడానికి వరుసలో నిలబడ్డ రోజు నాకు గుర్తుంది. ఇక్కడ ఆ మధ్యాహ్నం మేమూ, ఒక పెళ్లివారూ, గోడ నీడన పడుకున్న ఆవూ తప్ప ఎవరూ లేరు.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరులో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, వేసవి ముదరకముందే పోతాయి. అవి రాని ఏడాది ఊరికి మంచిది కాదని నమ్మకం. అందుకే ఇళ్ల మీద రెట్టలు పడినా ఎవరూ రాయి విసరరు. ఇక్కడ చూసేందుకు బురుజు, చెప్పేందుకు కేంద్రం ఏర్పాటు చేశారు, మంచి పని. పిల్లలు దుర్భిణిలో కళ్లు పెట్టి దిగనన్నారు.

అక్కణ్ణుంచి పలాస వైపు ఉద్దానం. ఈనాటికీ అందమైన నేల, కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టింది, కాపుకొచ్చే కొబ్బరి మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. తుపానుకు ముందు నుంచీ ఉన్నది కిడ్నీ జబ్బు. ఇంటికొకరన్నట్టు మంచాన పడ్డ ఊళ్లున్నాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి గొట్టాల్లో నదినీళ్లు తెచ్చారు. విహారయాత్రలో ఇది చెప్పాలా అని మా ఆవిడ సైగ చేసింది. చెప్పాను. జీడిపప్పు పొట్లం కొనేటప్పుడు అది వలిచిన చేతుల సంగతి పదకొండేళ్లవాడికి తెలియడం తప్పు కాదు.

మీరు ఈ దారిన రావాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య రండి. అరసవల్లికి ఆదివారం వద్దు. పొందూరుకు పనిదినాన, పొద్దున పూట వెళ్లండి, అరుగు మీద కూర్చుని అడగండి, కొంటే సంఘం దగ్గరే కొనండి. కథానిలయానికి ముందుగా కబురు చేసి వెళ్లండి. ముఖలింగానికి ఒక పూట పూర్తిగా ఉంచుకోండి.

ఈ రెండు జిల్లాల హైస్కూలు మేష్టర్లకు, టీచరమ్మలకు ఒక మనవి. మీ ఊరి పక్క కొండ మీదికి, గుడి దగ్గరికి, నేతగాళ్ల వీధిలోకి ఏడాదికొకసారి పిల్లల్ని తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. శాలిహుండంలో మాకు దారి చూపించిన కుర్రాడికి ఆ ఒక్క పూట పాఠమే చాలింది.